ఖజానా మీద అధికారం ఎవరిది?

రాజ్యాంగాన్ని గురించి పాఠం చెప్పేటప్పుడు ప్రభుత్వానికి మూడు అంగాలున్నాయని మొదలుపెడతాం. శాసనశాఖ చట్టం చేస్తుంది, కార్యనిర్వాహక శాఖ అమలు జరుపుతుంది, న్యాయశాఖ తీర్పు చెబుతుంది. ఇది తప్పు కాదు. కాని ఇంతటితో ఆగితే అధికారం అసలు ఎక్కడ వుందో విద్యార్థికి బోధపడదు. పన్ను ఎవరు వేయాలి, వసూలైన సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలి, ఆ ఖర్చుకు ఎవరికి లెక్క చెప్పాలి అన్న ప్రశ్నలకు జవాబు దొరికితేగాని ఏ రాజ్యస్వభావమైనా అర్థం కాదు. ప్రజాస్వామ్య చరిత్ర చాలావరకు ఖజానా తాళంచెవి కోసం జరిగిన పోరాట చరిత్ర. పార్లమెంటు అనుమతి లేకుండా రాజు పన్ను వసూలు చేయరాదని ఇంగ్లండులోని ధనికవర్గాలు 1689 హక్కుల చట్టంలో రాయించుకున్నాయి. తమ ఇంట్లో అంత పవిత్రంగా చూసుకున్న ఆ హక్కును అక్కడి పాలకవర్గం 1947లో మన దేశాన్ని విడిచిపోయేవరకూ మనకు పూర్తిగా ఇవ్వలేదు.

బ్రిటిషు రాణి ప్రభుత్వం కింద మన దేశపు మొదటి బడ్జెట్టును 1860లో వైస్రాయి కౌన్సిలులోని ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టాడు. 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు అణగదొక్కబడినవారి నెత్తినే పడింది. ఆ లోటు పూడ్చడానికి ఆదాయపు పన్ను వచ్చింది. దీనికి ప్రజల అనుమతి ఎవరూ అడగలేదు. 1892 చట్టం బడ్జెట్టును చర్చించే వీలు కల్పించింది. ఓటు మాత్రం ఇవ్వలేదు. 1902లో గోపాలకృష్ణ గోఖలే ఆ కాస్త వీలునే ఆయుధంగా వాడుకున్నారు. కరువులతో జనం మాడిపోతుంటే ఖజానాలో మిగులు చూపడం దేశ సౌభాగ్యానికి గుర్తు కాదనీ, అవసరానికి మించి పన్నులు పిండినందుకు సాక్ష్యమనీ ఆయన వాదించారు. మరుసటి ఏడు 82 పౌన్ల మణుగు ఉప్పు మీద పన్ను రెండున్నర రూపాయల నుంచి రెండు రూపాయలకు దిగింది. అయితే దించినవాడికి మళ్ళీ ఎక్కించే అధికారం కూడా వుంది. ఆ సంగతి ఇరవై ఏళ్ళకు రుజువైంది.

1919 చట్టం కేంద్ర శాసనసభకు ఖర్చు పద్దుల మీద ఓటు ఇచ్చింది. తలుపు తెరిచినట్టే తెరిచి లోపల గడియ బిగించింది. సైనిక వ్యయం, అప్పుల మీద వడ్డీ, పెద్ద ఉద్యోగుల జీతాలు, పింఛన్లు ఓటుకు రావు. గవర్నరు జనరల్ అనుమతించనిదే చర్చకైనా రావు. మిగిలినవాటిని సభ కాదంటే, అవి అవసరమని ఆయన ధ్రువపరచి అమలు జరపవచ్చు. 1923లో ఉప్పుపన్నును రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు రెట్టింపు చేయబూనారు. సభ తిరస్కరించింది. వైస్రాయి లార్డ్ రీడింగ్ ధ్రువపరిచాడు, పన్ను అమలైంది. 1924లో మోతీలాల్ నెహ్రూ నాయకత్వాన స్వరాజ్యపార్టీ ఇతర సభ్యులను కూడగట్టి ఫైనాన్సు బిల్లునే తోసిపుచ్చింది. అదీ ప్రత్యేకాధికారంతోనే గట్టెక్కింది. సభలో ఓటుకు విలువ లేదని తేలిన తర్వాత సమస్య సముద్రతీరానికి చేరడంలో ఆశ్చర్యం లేదు. 1930 ఉప్పు సత్యాగ్రహాన్ని ఈ చరిత్రతో కలిపి చదవాలి.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ గడియను ఊడదీసింది. చట్టాధికారం లేనిదే ఏ పన్నూ వేయరాదని 265వ అధికరణ శాసించింది. పార్లమెంటు చట్టం చేస్తేగాని సంచిత నిధి నుంచి డబ్బు తీయడానికి వీల్లేదు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లోగా సిఫారసులతో తిప్పి పంపగలదేగాని ఆపలేదు. చివరి మాట ప్రజలు నేరుగా ఎన్నుకున్న లోక్‌సభది. మంత్రివర్గం ఆ సభకే బాధ్యత వహించాలి. ప్రభుత్వ స్థిరత్వం కంటే బాధ్యతకే ముసాయిదా ఎక్కువ విలువ ఇచ్చిందని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో వివరించారు. ఆ బాధ్యతను ఎన్నికలప్పుడే కాక ప్రతిదినమూ సభలో పరీక్షించవచ్చునన్నది ఆయన అభిప్రాయం.

మరి ఆ దినదిన పరీక్ష జరుగుతున్నదా? ఇక్కడ మనం నిష్కర్షగా మాట్లాడుకోవాలి. 1919లో ఓటుకు రాని వడ్డీ పద్దు ఈనాటికీ ఓటుకు రాదు. 2024-25 కేంద్ర బడ్జెట్టు అంచనా దాదాపు 48.2 లక్షల కోట్ల రూపాయలు, అందులో 11.6 లక్షల కోట్లు వడ్డీలకే. అంటే నాలుగో వంతుకు దగ్గర. దీన్ని చర్చించవచ్చు గనక ఆనాటికంటే మెరుగే. తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టక తప్పదన్న వాదనా సరైనదే. అందుకే అప్పు తెచ్చేనాడు, ఖర్చు పెట్టేనాడు జరగవలసిన పరీక్ష మరింత ముఖ్యమవుతున్నది.

పద్దును తగ్గించమని సభ్యుడు కోత తీర్మానం ప్రతిపాదించవచ్చు. కాని 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత పార్టీ విప్పును కాదని ఓటు వేసిన సభ్యుడు తన సభ్యత్వాన్నే పోగొట్టుకోవచ్చు. అమ్ముడుపోయేవాళ్ళను అదుపు చేయడానికి పుట్టిన చట్టం, మనస్సాక్షితో మాట్లాడదలచినవాడి నోటికీ తాళం వేసింది. ఇక గడువు ముగిస్తే చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే పద్ధతి ఒకటి వుంది. దాన్ని గిలటిన్ అంటారు. 2018లోనూ, 2023లోనూ సభ గందరగోళంలో పడి మంత్రిత్వశాఖల పద్దులన్నీ లోక్‌సభలో చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. ఫ్రెంచి విప్లవంలో ఆ కత్తి రాజు మెడ మీద పడింది. మన పార్లమెంటులో ప్రజల ప్రశ్న మీద పడుతున్నది.

న్యాయస్థానాలు కాపాడతాయిగదా అని కొందరు తృప్తి పడతారు. 2017 ఫైనాన్సు చట్టం ద్వారా దారి ఏర్పడిన ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిన మాట నిజం. కాని అప్పటికి ఆరేళ్ళపాటు పార్టీలకు డబ్బు ఎవరిచ్చారో ఓటరుకు తెలియకుండానే ఎన్నికలు జరిగాయి. కోర్టు తప్పును కొట్టివేయగలదు. బడికి ఎంత, ఆసుపత్రికి ఎంత, సైన్యానికి ఎంత అన్నది అది నిర్ణయించదు. ఆ పని సభది.

బ్రిటిషు వైస్రాయి సభ ఓటును బాహాటంగా తొక్కివేశాడు గనక ప్రజలకు ప్రత్యర్థి ఎవరో స్పష్టంగా కనబడింది. ఈనాడు ఓటు వుంది. తొక్కేవాడు లేకుండానే అది నిర్వీర్యమవుతున్నది. మౌనంగా ఆమోదించిన బడ్జెట్టు ఎప్పుడూ బలవంతుడి పక్షానే మొగ్గుతుంది. ఎందుకంటే అతనికి మంత్రిగారి గదిలోకి వేరే దారి వుంది. కూలివాడికీ, చిన్నరైతుకూ, నిరుద్యోగికీ సభలో చర్చ తప్ప మరో దారి లేదు. గోఖలేకు ఓటు లేదు, మాట మాత్రమే వుండేది. ఆ మాటతో ఆయన ప్రభుత్వాన్ని జవాబు చెప్పక తప్పని స్థితికి తెచ్చారు. మాటా, ఓటూ రెండూ వున్న నేటి సభ్యుడు నియోజకవర్గానికి వచ్చినప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఏడు ఏ పద్దు మీద మాట్లాడారు?