కరెంటు ఉన్నంతసేపూ పచ్చదీపమే

2022 అక్టోబరు 1 రాత్రి పుదుచ్చేరి పట్టణంలోని అనేక ప్రాంతాలు చీకట్లో మునిగాయి. ఆ రాత్రి తుపాను లేదు. విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేసేందుకు టెండర్లు పిలవడాన్ని నిరసిస్తూ విద్యుత్ శాఖ ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. విసిగిన జనం రోడ్లమీదికి వచ్చారు. ముఖ్యమంత్రి రంగసామితో చర్చల అనంతరం సమ్మె ముగిసింది, వివాదం ముగియలేదు.

ఇంటి మూలన ఉన్న బ్యాకప్ పెట్టెకు ఇటువంటి రాత్రే అసలు పరీక్ష. కొత్తది కొనే స్తోమత లేక సెకండ్‌హ్యాండ్ యూపీఎస్‌ను నమ్ముకున్న చిరువ్యాపారి, ఆ పెట్టెతోపాటు దాని గతాన్ని కూడా కొంటాడు. కరెంటు ఉన్నంతసేపూ పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, చార్జింగ్ నిండుగా కనిపిస్తుంది. సరఫరా ఆగిన మరుక్షణం పెట్టె టక్కుమని ఆరిపోతుంది.

ఈ వైఫల్యానికి పాత చరిత్రే ఉంది. లెడ్-యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించారు. పుదుచ్చేరి అప్పటికి ఫ్రెంచి పాలనలోనే ఉంది. ఫ్రెంచి పాలకులు 1954లో పరిపాలన అప్పగించి వెళ్లారు. బ్యాటరీ మాత్రం పుట్టుకతో వచ్చిన బలహీనతతో సహా ఇంటింటా మిగిలింది. చార్జింగ్ లేకుండా చాలాకాలం వదిలేస్తే సీసపు పలకలపై లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. చార్జరు తగిలించి కొలిస్తే వోల్టేజి భేషుగ్గా ఉంటుంది. లోడు పడగానే కుప్పకూలుతుంది.

కనుక పరీక్ష కూడా లోడు మీదనే జరగాలి. ముందు పెట్టె ముందుభాగంలోని ఇన్వర్టరు స్విచ్ చూడాలి. అది ఆపివున్నా చాలా యంత్రాల్లో చార్జింగ్ సాగుతూనే ఉంటుంది. తరువాత బ్యాటరీని చార్జరు నుంచి విడదీసి, కొన్ని గంటలు ఆగి కొలవాలి. నిండు చార్జిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 చూపాలి. మళ్లీ కలిపి, ఒక్క బల్బు మాత్రమే తగిలించి గోడ స్విచ్ ఆపాలి. ప్లగ్గు పీకితే ఎర్తు తెగుతుంది కాబట్టి స్విచ్ ఆపడమే మేలు. వోల్టేజి వెంటనే 10.5కు దిగజారితే దోషం బ్యాటరీదే. నిలకడగా ఉండి కూడా బల్బు వెలగకపోతే తుప్పుపట్టిన టెర్మినళ్లను, ఫ్యూజును, సరఫరాను బ్యాటరీవైపు మళ్లించే రిలేను అనుమానించాలి. పెట్టె మూత విప్పే పని మాత్రం మెకానిక్కుకే వదలాలి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండవచ్చు.

పట్టణానికి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరు మధ్య తీరం దాటినప్పుడు స్తంభాలు పెద్దసంఖ్యలో నేలకూలాయి. సరఫరా పునరుద్ధరణకు రోజులు పట్టింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలోనే తీరం దాటింది. పట్టణంలో 24 గంటల్లో సుమారు 46 సెంటీమీటర్ల వర్షం కురిసింది. కారైకాల్‌లోని 32.5 మెగావాట్ల గ్యాస్ కేంద్రం మినహా చెప్పుకోదగ్గ సొంత ఉత్పత్తి లేని ప్రాంతమిది. కరెంటులో అధికభాగం బయటినుంచి కొనవలసిందే. అటువంటి చోట గోదాములోని అదనపు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభమెక్కే లైన్‌మన్‌లే ప్రభుత్వపు బ్యాటరీ.

కేంద్రపాలిత ప్రాంతాల పంపిణీ వ్యవస్థలను ప్రైవేటీకరిస్తామని కేంద్రం 2020 మేలో ప్రకటించింది. నాటినుంచి చర్చంతా నష్టాలు, ఛార్జీలు, ఉద్యోగ భద్రత చుట్టూ తిరుగుతోంది. అవి ముఖ్యమైనవే. కానీ అన్నీ సవ్యంగా ఉన్న రోజున నిల్వలు దండగ ఖర్చులా కనిపిస్తాయి, పొదుపు కత్తెర ముందుగా వాటిమీదే పడుతుంది. శాఖ చేతిలో ఉన్నా, సంస్థ చేతికి వెళ్లినా ఆ ప్రలోభం ఒక్కటే. తదుపరి తుపానుకు ఎన్ని స్తంభాలు, ఎందరు లైన్‌మన్‌లు సిద్ధంగా ఉన్నారో ఏటా ఈశాన్య రుతుపవనాలకు ముందే బహిరంగంగా లెక్క చెప్పాలన్న షరతు ఏ ఒప్పందానికైనా మొదటిది కావాలి. గోదావరి ఒడ్డున, అదే శాఖ కరెంటుపై ఆధారపడిన తెలుగు యానాం కూడా అడగవలసిన ప్రశ్న ఇదే.