పేదవాని దావా, ప్రజాధనం: ఒక చారిత్రక పరిశీలన

మన కోర్టు వ్యవహారాలలో నిత్యం వినిపించే దావా, వకాల్తా, ఫిర్యాదు, హాజరు, జవాబు వంటి మాటలు అరబ్బీ, ఫారసీ భాషల నుండి తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. వీటిలో 'వకాల్తా'కు మూలమైన 'వకాలత్' అన్న పదానికి తన పనిని మరొకరికి అప్పగించడం అని అర్థం. తన మాట తాను చెప్పుకోలేనివాడు మరొకరి నోట చెప్పించుకుంటాడు. ఆ మరొకరికి ప్రతిఫలం ఇచ్చుకోలేనివాని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు వివిధ కాలాలు ఇచ్చిన సమాధానాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. భూమి, బాకీ, వారసత్వం, భరణం, మహర్ వంటి సివిల్ వివాదాలకే ఇక్కడ పరిమితమవుదాం.

ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఇమాం అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) రచించిన 'కితాబుల్ ఖరాజ్' ప్రధానంగా పన్నులకు సంబంధించిన గ్రంథం. అయినా అందులో న్యాయపాలన ప్రస్తావన కూడ ఉన్నది. ఖాజీల జీతం బైతుల్‌మాల్ నుండి, అంటే ప్రజాధనాగారం నుండి చెల్లించాలనీ, వారి విచారణలో ఉన్న వారసత్వపు ఆస్తుల నుండి తీసుకోరాదనీ ఇమాం అభిప్రాయపడ్డారు. దీని ఆంతర్యం స్పష్టమే. న్యాయాధికారి పోషణభారం వాది ప్రతివాదుల మీద పడితే తీర్పు మీద కూడ ఆ నీడ పడుతుంది. ప్రజల మొరలు వినడానికి నెలకో రెండు నెలలకో ఒకసారి స్వయంగా కొలువుతీరవలసిందని కూడ ఆయన ఖలీఫాకు సలహా ఇచ్చారు.

ఇట్టి కొలువునే 'మజాలిమ్' అన్నారు. జులుంకు గురైనవారి మొరలు అని దీనిని తెలుగులో చెప్పుకోవచ్చు. 12వ శతాబ్దిలో నూరుద్దీన్ జంగీ డమాస్కస్‌లో 'దారుల్ అద్ల్' అనే న్యాయభవనాన్ని ఇందుకోసమే నిర్మించాడు. అమీరుల దౌర్జన్యం మీద సామాన్యుడు అక్కడ మొర పెట్టుకోగలిగేవాడు. అయితే ఒక పరిమితిని గమనించాలి. పాలకుడు ధర్మాత్ముడైతే ఆ ద్వారం తెరచి ఉండేది, కాకపోతే మూతపడేది. అది పాలకుని దయాధర్మమే గాని, పేదవాడు గట్టిగా అడగగల హక్కు కాదు.

వకీలు నియామకం విషయంలో ధర్మశాస్త్రవేత్తల మధ్య ఒక ఆసక్తికరమైన అభిప్రాయభేదం ఉన్నది. రోగం, దూరప్రయాణం వంటి కారణం లేనిదే ప్రతిపక్షి సమ్మతి లేకుండ వకీలును నియమించడం చెల్లదని ఇమాం అబూ హనీఫా (రహ్మ) అన్నారు. వాదనాపటిమ అందరికీ ఒకే తీరుగా ఉండదు కనుక ఎదుటివానికి నష్టం కలుగవచ్చునన్నది ఆయన హేతువు. ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు సమ్మతి అక్కరలేదన్నారు. ఏ పక్షాన్ని స్వీకరించినా, వాదనలోని అసమానత న్యాయాన్ని వంచగలదన్న సత్యాన్ని ఈ చర్చ గుర్తించింది. కాని పేదవాని వకీలు ఖర్చును బైతుల్‌మాల్ భరించాలన్న ప్రసక్తి ఇందులో రాదు. ఆధునిక న్యాయసహాయం ఆనాడే ఉన్నదని చెప్పబూనడం చరిత్రకు అన్యాయం చేయడమే.

ఇంగ్లండులో 7వ హెన్రీ కాలంలో, 1495లో, పేద వాదులకు రుసుము లేకుండ రిట్లు, వేతనం లేకుండ న్యాయవాదులు లభించేలా శాసనం చేశారు. భారమంతా న్యాయవాది ఔదార్యం మీదనే పెట్టారు. ప్రభుత్వమే ఆ ఖర్చు భరించే ఏర్పాటు 1949 నాటి చట్టంతో వచ్చింది. 2012లో వచ్చిన మరొక చట్టం కుటుంబ వివాదాలు, రుణాలు, సంక్షేమ భృతులకు సంబంధించిన సహాయాన్ని చాలవరకు తొలగించింది. ఖజానా ఇచ్చినదానిని ఖజానా తిరిగి తీసుకోగలదని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలో కథ కోర్టు ఫీజుతో మొదలవుతుంది. 1793లో కారన్‌వాలీసు రద్దుచేసిన ఫీజును బెంగాల్ ప్రభుత్వం 1795లో మళ్లీ విధించింది. అనవసర వ్యాజ్యాలను అరికట్టడానికేనని కారణం చెప్పుకున్నది. కాని ఫీజు అబద్ధపు దావాకూ నిజమైన దావాకూ తేడా చూడదు. ఉన్నవానికీ లేనివానికీ మాత్రమే చూస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడు 33వ ఆర్డరు నిరుపేదకు ఫీజు ముందుగా చెల్లించకుండ దావా వేసే వీలు కల్పించింది. అతడు గెలిస్తే ఆ ఫీజు దావా ఆస్తి మీద మొదటి బాకీగా నిలుస్తుంది. కనుక ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమే. 1976 వరకు ఆ కోడులో ఇట్టివానికి 'పాపరు' అన్న పేరే ఉండేది.

జస్టిస్ కృష్ణయ్యర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1973లో నివేదిక ఇచ్చింది. 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలో 39-ఎ అధికరణాన్ని చేర్చింది. 1987లో న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలులోకి వచ్చింది. దీని 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు మొదలైనవారు ఆదాయంతో నిమిత్తం లేకుండ అర్హులు. కేసులో ప్రాథమికంగా పస ఉంటే చాలు. మహర్ కోసమో, భరణం కోసమో, తండ్రి ఆస్తిలో వాటా కోసమో కోర్టుకెక్కే ముస్లిం స్త్రీ ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందవచ్చు. మజాలిమ్ దర్బారు ఇవ్వలేని హక్కు ఇది.

అయితే హక్కు కాగితం మీద ఉన్నంతమాత్రాన చాలదు. 2022లో ప్రారంభమైన పూర్తికాలపు న్యాయవాదుల పథకం క్రిమినల్ కేసులకు ఉద్దేశించినది. సివిల్ కక్షిదారు నేటికీ ముఖ్యంగా పానెల్ న్యాయవాదుల మీదనే ఆధారపడవలసి ఉన్నది. లోక్ అదాలత్‌లో ఫీజు తిరిగివస్తుంది, వ్యవహారం త్వరగా తెములుతుంది, నిజమే. కాని ఆ తీర్పు మీద అప్పీలు లేదు. వకీలు తోడులేని విధవరాలు రావలసిన దానిలో సగానికే తల ఊపి వస్తే, అది రాజీ అవుతుందే గాని న్యాయం కాదు.

ఖాజీ జీతం కక్షిదారుని సంచి నుండి రాకూడదన్న ఇమాం అబూ యూసుఫ్ సూత్రాన్ని మన కాలం వకీలు దాకా విస్తరింపజేసింది. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, గ్రామంలోని చదువుకున్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎక్కడ ఉన్నదో, అక్కడ అర్జీ ఎలా పెట్టాలో అవసరమున్నవారికి తెలియజెప్పడం నేడు మన కనీస కర్తవ్యం. ప్రజాధనం మంజూరై ఉన్నా, అడిగే దారి తెలియనివానికి అది లేనట్లే.