ఆర్.సి.యం. వారిని గూర్చి మనవారడుగు ప్రశ్నలు

సంఘ దర్శనములకు వెళ్లినప్పుడును, యౌవనస్థుల కూటములలోను, ముఖ్యముగా పెండ్లి మాటలు నడుచు ఇండ్లలోను మమ్మును తరచుగా అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. "అయ్యగారూ, ఆర్.సి.యం. వారు మరియమ్మను పూజింతురు గదా?" "వారి బైబిలులో మనకు లేని పుస్తకములున్నవట, నిజమేనా?" "మా పిల్లను వారి అబ్బాయికిచ్చిన యెడల మరల బాప్తిస్మము ఇత్తురా?" ఈ శతవార్షికోత్సవ సంచికలో మన సంఘముల పుట్టుకను గూర్చి పెద్దలనేకులు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన గోడకవతల నున్న పొరుగువారిని గూర్చి వ్రాయ దలచితిమి. ఏలయనగా పై ప్రశ్నలలో అనేకములకు జవాబు వాదములో కాక చరిత్రలో దొరకును. అంతేకాదు, మనవారు వారిని గూర్చి చెప్పుకొను సంగతులలో కొన్ని మన తాతల కాలమందు నిజమే గాని నేడు నిజము కావు.

మొదట పేరు సంగతి. రోమన్ కేథలిక్ మిషన్ అను మాటల పొట్టిపేరే ఆర్.సి.యం. మనలను సి.యం.యస్. వారనియు, యస్.పి.జి. వారనియు పిలిచినట్లే వారికి ఈ పేరు నిలిచినది. ఆ మిషనులు వెళ్లిపోయి ఎంతకాలమైనను ఊళ్లలో పేర్లు పోలేదు. వారు తమ్మును తాము కతోలికులందురు. తమ సంఘమును శ్రీసభ యందురు.

తెలుగు నేలమీద వారు మనకంటె ముందువారు. మన సి.యం.యస్. మిషనరీలైన ఫాక్సు, నోబులు దొరలు మచిలీపట్టణములో దిగినది 1841లో. అంతకు నూరు సంవత్సరములకు పైగా ముందే, 18వ శతాబ్ది ఆరంభములో, ఫ్రెంచి జెస్విటు గురువులు పుదుచ్చేరినుండి బయలుదేరి పుంగనూరు, కృష్ణాపురము మొదలగు రాయలసీమ గ్రామములలో పని ప్రారంభించిరి. 1606లో మధుర చేరిన రాబర్టు డి నొబిలి త్రోవను వీరును అనుసరించిరి. కాషాయము ధరించి, మాంసము మాని, సన్యాసులవలె జీవించిరి. ఈ పద్ధతి తగునా తగదా అని రోమాలోనే దీర్ఘమైన వివాదము జరిగినది. 1704లో పోపుగారి ప్రతినిధి టూర్నన్ పుదుచ్చేరిలో దీనికి వ్యతిరేకముగా ఆజ్ఞ ఇచ్చెను, 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆ వివాదమును ముగించెను.

వివాదము ముగిసినను మాటలు మిగిలినవి. మన చెవికి వింతగా నుండు కతోలికుల పలుకుబడులన్నిటి వెనుక ఈ కథ యున్నది. మనము పాదిరి అనిన చోట వారు గురువు, స్వాములవారు అందురు. మనము ప్రభురాత్రి భోజనమనునది వారికి పూజ, లేక దివ్యబలిపూజ. మనకు బాప్తిస్మము, వారికి జ్ఞానస్నానము. మనకు సువార్త, వారికి సువిశేషము. శ్రమకాలపు మొదటి దినము మనకు భస్మ బుధవారము, వారికి విభూతి బుధవారము. వీటిని విని "ఇవి హిందూ మాటలు గదా" అని మనలో కొందరు ముఖము చిట్లించుదురు. మన మాటలు బైబిలు అనువాదమునుండి వచ్చినవి. వారి మాటలు దేశములోని సన్యాసి భాషనుండి వచ్చినవి. దేవుడను మాటయైనను మనము ఎక్కడినుండి తెచ్చుకొంటిమి?

ఆ శతాబ్దిలోనే విశ్వాసులైన కొన్ని రెడ్డి కుటుంబములు రాయలసీమ విడిచి గుంటూరు సీమకు వలస వచ్చెను. ఫిరంగిపురము వంటి పాత కతోలిక గ్రామముల మూలము అదియే. 1773లో పోపు 14వ క్లెమెంటు జెస్విటు సభనే రద్దుచేయగా తెలుగు పల్లెలలో గురువులు అరుదైరి. ఏండ్ల తరబడి ఇంటిలోని జపమే వారికి గుడి. తరువాత 1846లో అనెసీ పట్టణమునుండి సలేసు ఫ్రాన్సిసు సభవారు విశాఖపట్టణమునకును, 19వ శతాబ్ది చివరి భాగములో మిల్‌హిల్ ఫాదర్లు గుంటూరు, నెల్లూరు ప్రాంతములకును వచ్చి పనిని తిరిగి నిలిపిరి. వారి జపమాలను మనము తేలికగా చూడరాదని మేమనుటకు కారణమిదియే. చదువు లేనివారికి, గురువు లేని గ్రామమునకు, అది చేతిలో పట్టుకొను ప్రార్థన పుస్తకమైనది.

ఇంకొక సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. 1805లో విశాఖపట్టణము వచ్చిన లండన్ మిషన్ వారైన క్రాను, డిగ్రాంజిసు దొరలకు సువార్తలను తెలుగు చేయుటలో సాయపడిన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు మొదట కతోలికులలో చేరి, పిమ్మట ప్రొటెస్టంటు సంఘమునకు వచ్చినవాడు. ఆ పనినుండి వచ్చిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడెను. మన తెలుగు బైబిలు మొదటి పుటలమీద ఆ గుడి దారిన వచ్చినవాని చెయ్యి యున్నది.

ఇక వారి విచారణ సంగతి. ఒక గురువుగారి పోషణలో నుండు ప్రాంతమునకు వారు విచారణ అనియు, ఆ గురువును విచారణకర్తలనియు అందురు. మన పాస్టరేటు వంటిదే. మూల గ్రంథములోని గ్రీకు మాటకు పరదేశులుగా నివసించుట అని అర్థము. మొదటి పేతురు పత్రికలో విశ్వాసులను పరవాసులని పిలుచు మాట ఈ కుటుంబములోనిదే. మనలో సంఘ కమిటీ పాస్టరుగారిని ప్రశ్నించగలదు, లెక్కలు అడుగగలదు (ఒక్కొక్కప్పుడు అవసరమునకు మించియు అడుగును!). వారిలో విచారణ ఆర్థిక మండలి యుండవలెనని 1983 నాటి శ్రీసభ చట్టము నిర్ణయించినది గాని దానికి సలహా చెప్పు హక్కే ఎక్కువ. పల్లెలలో మనకు వలెనే వారికిని ఉపదేశులే వెన్నెముక.

మరియమ్మను గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను. ఎఫెసు మహాసభ 431లో మరియను దేవుని తల్లి అని ఒప్పుకొన్నది. అది అసలు క్రీస్తును గూర్చిన తీర్మానము: ఆమె గర్భమున పుట్టినవాడు నిజముగా దేవుడేనా అన్నది నాటి ప్రశ్న. దీనిని మనమును అంగీకరింతుము. లూథరు 1521లో మరియ కీర్తనకు భక్తితో వ్యాఖ్యానము వ్రాసెను. మన సాయంకాల ప్రార్థన క్రమములో ఆ కీర్తన నేటికిని కలదు. మనకును వారికిని దారి చీలునది తరువాతి నిర్ణయములయొద్ద. ఆమె జన్మపాపము లేకుండ గర్భమున ధరింపబడెనని 1854లో పోపు 9వ పయస్సును, ఆమె శరీరముతో పరలోకమునకు ఎత్తబడెనని 1950లో 12వ పయస్సును ప్రకటించిరి. వీటికి లేఖనాధారము మాకు కనబడలేదు. ఆ మాట నొక్కి చెప్పుటకు మేము వెనుదీయము.

అయినను పూజింతురా అను ప్రశ్నకు న్యాయమైన జవాబు చెప్పవలెను. 787లో జరిగిన రెండవ నీకయ మహాసభ దేవునికి మాత్రమే చెల్లు ఆరాధన వేరు, పరిశుద్ధులకును స్వరూపములకును ఇచ్చు గౌరవము వేరు అని నిర్ణయించినది. వారి బోధ నేటికిని అదియే. బోధ ఒకటి, కొండమీద జరుగునది ఒకటి కావచ్చును. 1924లో ఆర్లాటి ఫాదరుగారు బెజవాడ ప్రక్క గుణదల కొండలో లూర్దుమాత స్వరూపమును నిలిపిరి. నేడు ప్రతి ఫిబ్రవరిలో జరుగు ఆ తిరునాళ్లకు లక్షలాది జనులు వచ్చి తలనీలాలిచ్చి, కొబ్బరికాయలు కొట్టుదురు. అందులో హిందువులెందరో, మన సంఘస్థులును కొందరు కలరు. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మ్రొక్కుకొని, ఆదివారము మన గుడిలో కూర్చుండి ఆర్.సి.యం. వారిని విగ్రహారాధికులని అనుట మాత్రము మాకు సరిగా తోచదు.

పాపసంకీర్తనమును గూర్చి: ఆది సంఘములో ఘోరపాపములకు పశ్చాత్తాపము బహిరంగముగా జరిగెడిది. చెవిలో చెప్పుకొను పద్ధతి తరువాత ఐర్లండు సన్యాసుల ద్వారా వ్యాపించినది. సంవత్సరమునకొక్కసారి తప్పనిసరి అని 1215లో నాల్గవ లాతరాను సభ విధించినది. విన్నదానిని గురువు ప్రాణము పోయినను బయటపెట్టరాదు. మన పాత ప్రార్థన పుస్తకములోను రోగి మనస్సు భారముగా నున్నయెడల పాదిరియొద్ద ఒప్పుకొని విమోచన వాక్యము పొందు క్రమము కలదు. వాడినవారు మాత్రము తక్కువ. ఉత్తరించు స్థలమును గూర్చి మాకు వారితో ఏకీభావము లేదు, చనిపోయినవారి కొరకు బలిపూజ చేయించుటయందును లేదు. పోపుగారు పాపము చేయరని వారు నమ్ముదురనుట మాత్రము పొరపాటు. 1870 నాటి నిర్ణయము ఆయన పీఠమునుండి విశ్వాసమును, నీతిని గూర్చి అధికారికముగా నిర్ణయించు బోధకు సంబంధించినది. ఆ తరువాత అట్టి అధికారముతో సిద్ధాంతమును ప్రకటించినది 1950లో ఒక్కసారియే.

బైబిలు సంగతి తేలిక. మనకు 66 పుస్తకములు, వారికి 73. తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలగునవి అధికము. 1611 నాటి ఆంగ్ల బైబిలులోనే ఇవి రెండు నిబంధనల నడుమ అచ్చయి యుండెను. ఆంగ్లికను 39 మత నిబంధనలలో 6వది వీటిని మంచి నడవడి కొరకు చదువవచ్చును గాని సిద్ధాంతమునకు ఆధారము చేయరాదని చెప్పుచున్నది.

వారు బైబిలు చదువరు, లాటినులో ఏదో గొణుగుదురు అను మాట మన పెద్దలనుండి వినుచుందుము. అది ఒకప్పటి మాట. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ తరువాత పూజ దేశభాషలలోనికి వచ్చినది. గురువు జనులవైపు తిరిగెను. లేఖన పఠనములు మూడేండ్ల చక్రముగా విస్తరించెను. ఆ మహాసభయే 1964లో మనవంటివారిని విడిపోయిన సహోదరులని పిలిచినది. నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి లూథరనులును కతోలికులును 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కలిసి ప్రకటన చేసిరి. లూథరు లేచిన ప్రశ్నమీదనే ఈ ఒప్పందము కుదిరినది. మన సంఘములలో దీనిని విన్నవారు ఎందరో మేము చెప్పలేము.

కులమును గూర్చి ఒక్కమాట. రెడ్లు, మాలలు, మాదిగలు అను గోడలు వారి గుళ్లలోను కలవు, మన గుళ్లలోను కలవు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు దళితులలోనుండి మొదటి కార్డినలైనప్పుడు, మన పల్లెలలోను సంతోషించినవారున్నారు. అది తగిన సంతోషమే.

ఇప్పుడు పెండ్లి సంగతి. మమ్మును కన్నీళ్లతో అడుగు ప్రశ్న ఇదొక్కటే. 1907లో పదవ పయస్సు పోపుగారు ఇచ్చి, 1908 ఈస్టరునుండి అమలుచేసిన శాసనము ప్రకారము, కతోలికులలో ఒకరు తమ గురువు ఎదుట కాక మన గుడిలో పెండ్లాడినయెడల రోమా దృష్టిలో అది పెండ్లియే కాదు. 1917 నాటి చట్టము ఇంకను బిగించినది: పుట్టబోవు బిడ్డలందరిని కతోలికులుగా పెంచుదుమని ఇద్దరును మాట ఇయ్యవలెను, సాధారణముగా పెండ్లి గుడిలోపల జరుగరాదు, పూజ ఉండరాదు. మన ఆడపిల్లలెందరో ఆ దినములలో చర్చి వెనుక గదిలో తలవంచుకొని పెండ్లాడిరి. ఆ గాయమే మన ఇండ్లలో నేటికిని మాటలాడుచున్నది.

అయితే 1970 మార్చి 31న ఆరవ పౌలు పోపుగారు దీనిని మార్చిరి, 1983 చట్టము స్థిరపరచినది. ఇప్పుడు మాట ఇయ్యవలసినది కతోలిక పక్షము మాత్రమే. తన శక్తికొలది బిడ్డలను తన విశ్వాసములో పెంచుటకు ప్రయత్నింతునని. మన పిల్ల ఏమియు వ్రాసి ఇయ్యనక్కరలేదు, ఆ సంగతి ఆమెకు తెలియజేయవలెనంతే. వారి పీఠాధిపతి ముందుగా అనుమతి ఇచ్చినయెడల పెండ్లి మన గుడిలో, మన పాస్టరుగారి చేతిమీదుగానే జరుగవచ్చును. అనుమతి లేకుండ జరిగిన పెండ్లి వారికి నేటికిని చెల్లదు గనుక, ఈ ఉత్తరము ముహూర్తమునకు చాలముందే అడుగవలెను. ఇరు పక్షములను తృప్తిపరచుటకు ఉదయము అక్కడ, సాయంకాలము ఇక్కడ రెండు పెండ్లిండ్లు చేయు వాడుక కొన్ని ఊళ్లలో కలదు. వారి చట్టము దానిని నిషేధించుచున్నది, మాకును అది సమ్మతము కాదు. ఒకసారి దేవునియెదుట చేసిన ప్రమాణమును రెండవసారి చేయించుట మొదటిదానిని అవమానించుటయే.

మరల బాప్తిస్మము ఇత్తురా? ఇయ్యరాదు. మూడవ శతాబ్దిలోనే కార్తేజి బిషపు కుప్రియాను విడిపోయినవారి బాప్తిస్మము చెల్లదనగా, రోమా బిషపు స్తెఫను చెల్లుననెను. స్తెఫను మాటయే నిలిచినది. ట్రెంటు మహాసభ కూడ, మనలను అన్ని విధముల ఖండించిన ఆ సభయే, నీటితోను త్రియేక నామములోను ఇచ్చిన బాప్తిస్మము ఎవరిచ్చినను చెల్లునని ఒప్పుకొన్నది. ఆ పిమ్మట "ఒకవేళ నీవు పొందియుండనియెడల" అను షరతుతో మరల ఇచ్చు వాడుక వ్యాపించగా, 1967లో వాటికను ఉత్తరువు దానిని విచక్షణ లేకుండ చేయరాదని ఆపినది. నిజమైన సందేహమున్నప్పుడే ఆ షరతు.

ఆ సందేహము పుట్టకుండుట మన చేతిలో నున్నది. ఇంగ్లండులో 1538లో, కతోలిక దేశములలో 1563లో ట్రెంటు సభ తీర్మానము వలన, గుడి పుస్తకములు వ్రాయుట విధియైనది. మన పాస్టరేటులలో కొన్నిచోట్ల పాత రిజిస్టరులు చెదలు పట్టినవి, కొన్నిచోట్ల తేదీలేని వరుసలున్నవి. పెండ్లి కుదిరిన వారు బాప్తిస్మ పత్రిక కొరకు వచ్చినప్పుడు, బాప్తిస్మము తేదీ, ఇచ్చిన పాదిరి పేరు, సాక్షుల పేర్లు వ్రాసి, నీటితో తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున ఇయ్యబడెనని స్పష్టముగా చేర్చి, సంఘ ముద్ర వేసి ఇయ్యవలెను. ఆ కాగితము చూచిన తరువాత ఏ విచారణకర్తలును మన పిల్లను మరల నీటియొద్దకు పిలువరాదు.