అంతరాత్మా, పార్టీ ఆదేశమా? 1969 రాష్ట్రపతి ఎన్నిక, సీమ నేతలు, దళిత ప్రశ్న

రాష్ట్రపతి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాట పత్రికల్లోకి వస్తుంది. 2017లో ప్రతిపక్షాల అభ్యర్థి మీరా కుమార్ ఓటర్లకు చేసిన విజ్ఞప్తి కూడా అదే. ఈ మాట మన రాజకీయాల్లో స్థిరపడింది 1969 ఆగస్టులో. ఆ ఎన్నికలో తలపడిన ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ తెలుగువారే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, కర్నూలు జిల్లా డోన్ నుంచి శాసనసభకు, నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచిన నీలం సంజీవరెడ్డి. మరొకరు బరంపురంలో పుట్టిన వి.వి. గిరి.

ఈ కథను సాధారణంగా ఇందిరా గాంధీకీ సిండికేట్‌కూ జరిగిన పోరుగా చెబుతారు. అందులో మూడో పేరు ఒకటి ఉంది. అది బాబూ జగ్జీవన్ రామ్. ఆ పేరు ఎందుకు వచ్చింది, ఎలా పోయింది అన్నది చూడకుండా సూత్రం, విధేయత అనే చర్చ పూర్తికాదు. రిజర్వుడు స్థానాల్లో పనిచేస్తున్న కార్యకర్తలకు, రాజనీతిశాస్త్ర విద్యార్థులకు ఉపయోగపడేలా ఆ వివరాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

బెంగళూరులో జరిగిన ఓటింగ్

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగళూరులో ఏఐసీసీ సమావేశాలు జరిగాయి. జూలై 12న కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు అభ్యర్థిని తేల్చడానికి కూర్చుంది. గాంధీ శతజయంతి సంవత్సరం కాబట్టి దళితుడైన జగ్జీవన్ రామ్‌ను రాష్ట్రపతిని చేద్దామని ఇందిర ప్రతిపాదించారు. మొరార్జీ దేశాయ్, కామరాజ్, ఎస్.కె. పాటిల్, వై.బి. చవాన్ సంజీవరెడ్డి వైపు నిలిచారు. ఇందిర, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ జగ్జీవన్ రామ్ వైపు ఉన్నారు. 4–2 తేడాతో సంజీవరెడ్డి పార్టీ అభ్యర్థి అయ్యారు.

ఆ తర్వాతి పరిణామాలు వేగంగా సాగాయి. జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థిక శాఖను ఇందిర తీసుకున్నారు. 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. అదే రోజు సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకున్నారు. మరునాడు గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు.

సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై ఇందిర కూడా సంతకం చేశారు. అయితే కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి సంజీవరెడ్డికి రెండో ప్రాధాన్యత ఓట్లు అడిగారన్న విషయం బయటపడటంతో వివాదం ముదిరింది. మితవాద పార్టీలతో ఈ మంతనాలేమిటో వివరణ ఇవ్వాలని, సభ్యులకు స్వేచ్ఛగా ఓటు వేసే అవకాశం కల్పించాలని జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కోరారు. విప్ జారీ చేయాలన్న ఒత్తిడికి ఇందిర లొంగలేదు. మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమన్నారు.

ఓట్ల లెక్క ఎలా తేలింది

రాజ్యాంగం 54, 55 అధికరణల ప్రకారం ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు రాష్ట్రపతిని రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటారు. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అంటూ ప్రాధాన్యత ఇస్తాడు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి వచ్చినవారే గెలుస్తారు. ఎవరికీ రాకపోతే, తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినీ తప్పిస్తూ వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యత ప్రకారం బదలాయిస్తారు.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు జరిగాయి. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలిపిన సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గిరికి ఇంకా 16,654 తక్కువయ్యాయి. మిగిలినవారి ఓట్లు బదిలీ అయ్యాక గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. బదిలీలో సంజీవరెడ్డికి 91,879, గిరికి 18,562 కలిశాయి. నిజలింగప్ప ఆశించిన రెండో ప్రాధాన్యత ఓట్లు చాలావరకు వచ్చాయి గానీ సరిపోలేదు. చివరి తేడా 14,650. మొదటి ప్రాధాన్యతతో తేలకుండా బదిలీ దాకా వెళ్లిన రాష్ట్రపతి ఎన్నిక మన చరిత్రలో ఇదొక్కటే.

ఆ తర్వాత ఎన్నిక సుప్రీంకోర్టుకు చేరింది. సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రాన్ని ఎంపీలకు పంచి ఓటర్లను ప్రభావితం చేశారన్నది ప్రధాన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఎన్నికను రద్దు చేయదగిన ఆధారాలు లేవంటూ 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. కాంగ్రెస్ మాత్రం 1969 నవంబరులోనే రెండుగా చీలింది.

గిరి పాత కేసు

గిరికి ఎన్నికల వివాదం కొత్త కాదు. దళిత, ఆదివాసీ విద్యార్థులు తప్పక చదవాల్సిన కేసు ఒకటి ఆయన పేరు మీదే ఉంది. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గంలో ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వు. అక్కడ రెండు స్థానాలూ ఆదివాసీ అభ్యర్థులకే దక్కాయి. జనరల్ స్థానంలో దిప్పల సూరిదొర చేతిలో గిరి స్వల్ప తేడాతో ఓడారు. రిజర్వుడు స్థానానికి అర్హుడినని ప్రకటించుకున్న వ్యక్తి జనరల్ స్థానం పొందడం చెల్లదని గిరి వాదించారు. సూరిదొర క్షత్రియుడిగా మారాడని, కాబట్టి తెగ సభ్యుడే కాదని కూడా వాదన వచ్చింది. 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. రిజర్వేషన్ అన్నది కనీస హామీ మాత్రమేనని, ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ స్థానం కూడా గెలవవచ్చని ఆ తీర్పు సారం. రెండేళ్లకే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలనే చట్టం చేసి రద్దు చేశారు. 1969లో ప్రగతిశీల అభ్యర్థిగా నిలిచిన నాయకుడి గతంలో ఈ పుట కూడా ఉంది.

కర్నూలు నుంచి చూస్తే

1960 జనవరి 11న కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు నిండలేదు. కాంగ్రెస్ అధ్యక్షుడిగా సంజీవరెడ్డి ఢిల్లీ వెళ్లడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. 1962 ఎన్నికల్లో డోన్ నుంచి గెలిచిన సంజీవరెడ్డి మార్చి 12న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. ఆ పదవి పొందిన తొలి దళితుడు కూడా ఆయనే. పైకి గౌరవంగానే కనిపించే మార్పిడి ఇది. కానీ భూమి, ఉద్యోగాలు, పోలీసు మీద అధికారం ఉన్న కుర్చీ ఎవరికి తిరిగి చేరిందో చూడాలి.

సంజీవరెడ్డికి సూత్రాలు లేవని మేము అనడం లేదు. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల దరిమిలా 1964లో ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1967లో స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వమే వదులుకున్నారు. అలాంటి వ్యక్తి రెండేళ్లకు పార్టీ అభ్యర్థిగా నిలబడి, పార్టీ విధేయత కొరవడే ఓడిపోయారు. చీలిక తర్వాత సంజీవయ్య ఇందిర వైపు నిలిచారు. 1970లో కేంద్ర కార్మిక మంత్రి, 1971లో మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడు అయ్యారు. 1972 మేలో కన్నుమూశారు.

1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డి గెలిచారు. అదే ఏడాది జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1979లో మళ్లీ జగ్జీవన్ రామ్ పేరు ముందుకొచ్చింది. ఆగస్టు 20న ప్రధాని చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. జనతా పార్టీ నాయకుడిగా జగ్జీవన్ రామ్ ప్రభుత్వం ఏర్పాటుకు అవకాశం అడిగారు. రాష్ట్రపతి ఆయనను పిలవలేదు. 22న సభను రద్దు చేశారు. సభలో ఎవరికీ నిలకడైన మెజారిటీ లేదన్నది రద్దును సమర్థించినవారి వాదన. ఆ సంగతి తేల్చాల్సింది సభే కదా అన్నది ఎదుటి వాదన. రెండోదే సరైనదని మా అభిప్రాయం. మెజారిటీ లేకపోతే బలపరీక్షలో ఓడిపోయేవారు. ఆ పరీక్షకు కూడా అవకాశం ఇవ్వలేదు.

సూత్రం ఎవరిది?

1969ని మూడు ప్రశ్నలుగా విడదీస్తే విషయం తేటపడుతుంది. మొదటిది, పార్టీ నిర్ణయాన్ని కాదని ఓటు వేయడం తప్పా? చట్టం ప్రకారం కాదు. రహస్య ఓటింగ్ పెట్టిందే అందుకు. 1985లో వచ్చిన పదో షెడ్యూలు కూడా ఈ ఎన్నికకు వర్తించదు. ఇప్పటికీ రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు.

రెండోది, ఇందిర చెప్పిన అంతరాత్మ సూత్రమేనా? బోర్డులో ఓడిన అభ్యర్థి జగ్జీవన్ రామ్. సూత్రం కోసమే పార్టీని ధిక్కరిస్తే ఆయన పేరుతోనే ధిక్కరించవచ్చు. అలా జరగలేదు. దళిత రాష్ట్రపతి అన్న మాట బెంగళూరులోనే ఆగిపోయింది. ఆ తర్వాత పోరు రెండు ముఠాల మధ్య సాగింది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యేసరికి 1997 వచ్చింది.

మూడోది, విధేయత ఖరీదు ఎవరు చెల్లిస్తారు? పాత కర్నూలు, కడప జిల్లాల్లో కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, కోడూరు ఎస్సీ రిజర్వుడు స్థానాలు. అక్కడ కూడా ఓటర్లలో ఎక్కువమంది దళితేతరులే. టికెట్ పార్టీ చేతిలో, ఊళ్లలో బూత్ బలం పెద్ద కులాల నాయకుల చేతిలో ఉన్నప్పుడు రిజర్వుడు ఎమ్మెల్యే ఎవరికి జవాబు చెప్పాలి? పూనా ఒప్పందం తర్వాత అంబేడ్కర్ పదేపదే లేవనెత్తిన అభ్యంతరం ఇదే. పెద్ద కులం నాయకుడు పార్టీని ధిక్కరిస్తే నంద్యాల లాంటి మరో దారి దొరుకుతుంది. ఆ దారి రిజర్వుడు సభ్యుడికి అంత తేలిగ్గా దొరకదు.

2017లో ఇద్దరు అభ్యర్థులూ దళితులే. రామ్‌నాథ్ కోవింద్‌కు ఎదురుగా నిలిచిన మీరా కుమార్ జగ్జీవన్ రామ్ కుమార్తె. ఆంధ్రప్రదేశ్‌లో అధికార తెలుగుదేశం, ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ కోవింద్‌కే మద్దతు ప్రకటించాయి. అప్పుడు కూడా విప్ లేదు, ఓటు రహస్యమే.

అందుకే కార్యకర్తలకు మా సూచన ఒకటే. ‘అంతరాత్మ’ అన్న మాట వినగానే, ఆ మాట ఎవరి పేరును ముందుకు తెస్తోంది, ఎవరి పేరును పక్కకు నెడుతోంది అని అడగాలి. మన రిజర్వుడు సభ్యులను పార్టీ టికెట్ గురించి అడిగినంత గట్టిగా, విప్ లేని చోట వారు ఏ సూత్రం మీద ఓటు వేస్తారో పోలింగ్‌కు ముందే ఊరి సభలో అడగాలి. రహస్య ఓటును విప్పి చూపమని అనలేం. సూత్రాన్ని బహిరంగంగా చెప్పమని మాత్రం అడగవచ్చు.