వంగని స్వరాన్ని వంచినవాళ్లు

రాక్ సంగీతాన్ని ప్రాణంగా వినేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని తగువు ఒకటుంది. 1970ల ప్రోగ్రెసివ్ రాక్‌లో కీబోర్డు వాయించినవాళ్లలో ఎవరు గొప్ప? కీత్ ఎమర్సనా, రిక్ వేక్‌మనా, జాన్ లార్డా, టోనీ బ్యాంక్సా? ఒకరు వేళ్ల వేగం లెక్కపెడతారు, ఇంకొకరు స్వరకల్పన చూస్తారు, మరొకరు వేదిక మీద పేర్చుకున్న వాయిద్యాలు ఎన్నో చెబుతారు. ఈ తగువు తీర్చడానికి లండన్ కన్నా మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారే దగ్గరని నాకనిపిస్తుంది. మెట్ల వాయిద్యంలోని అసలు కష్టం ఈ సీమకు బాగా తెలుసు. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది, కానీ వంగదు. వంగని స్వరంతో మన పాటకు తోడు నిలవడం ఎలా?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నారు. అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన ఆ కాలేజీకి అప్పుడు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివి, 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఐర్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లింది. 1915లో భర్తతో కలిసి ఇండియా చేరింది. టాగోర్ అక్కడ విద్యార్థుల నడుమ ‘జనగణమన’ పాడితే ఆమె ఆ స్వరాలను పాశ్చాత్య పద్ధతిలో కాగితం మీదికి ఎక్కించింది. ఫిబ్రవరి 28న టాగోర్ స్వయంగా ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాశారు.

మన జాతీయగీతం వరుస మదనపల్లెలోనే పుట్టిందని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పాటను 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు గనుక వరుస అంతకుముందే ఉంది. మదనపల్లెలో జరిగింది వేరు, నా దృష్టిలో అదీ చిన్నది కాదు. గొంతులో జారుతూ, ఊగుతూ వచ్చే పాటను మెట్ల వాయిద్యం చదువుకున్న చెవి ఒకటి విని, ఐదు గీతల మీద ఒక్కో స్వరానికి ఒక్కో చోటు చూపించింది. అలా రాసినప్పుడు పాట ఏ దేశంలోనైనా, ఏ వాద్యబృందమైనా వాయించగలిగే రూపం తెచ్చుకుంటుంది. స్వరానికీ స్వరానికీ మధ్య గొంతు చేసే ప్రయాణం మాత్రం కాగితం మీదికి రాదు. తూర్పు పడమరల సంగీతం మీద మార్గరెట్ ఆ తర్వాత 1935లో పుస్తకమే రాసింది.

టాగోర్‌కు హార్మోనియం నచ్చేది కాదు. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ 1840ల్లో రూపొందించిన ఆ పెట్టె కలకత్తా చేరి, ద్వారకానాథ్ ఘోష్ చేతిలో కింద కూర్చుని వాయించే చేతి తిత్తి వాయిద్యంగా మారింది. ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోసేయడం వల్ల గాంధారం, నిషాదం లాంటివి మన చెవి కోరే చోట నిలబడవు. తోడి రాగంలో గాంధారమైతే ఒక చోట నిలబడేదే కాదు, ఊగితేనే తోడి. 1940 జనవరిలో టాగోర్ కలకత్తా రేడియో కేంద్రానికి లేఖ రాసి హార్మోనియం మీద తన వ్యతిరేకత చెప్పారు. అదే ఏడాది మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో దాన్ని గాలిలోంచే వెలివేసింది. ఆ నిషేధం సడలడానికి 1970లు రావలసి వచ్చింది.

టాగోర్ చెవి చెప్పింది తప్పని నేననను. కానీ రేడియో తలుపు మూసుకున్న ఆ ముప్పై ఏళ్లూ హార్మోనియం మన పల్లెల్లో రాత్రంతా మోగుతూనే ఉంది. పార్సీ, ధార్వాడ నాటక సమాజాల వెంట వచ్చి తెలుగు రంగస్థలం ఎక్కిన పెట్టె అది. పెండ్యాల నాగేశ్వరరావు లాంటివాళ్లు నాటకాల్లో హార్మోనియం వాయించే సినిమా సంగీతానికి వచ్చారు. చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు చూసినవాళ్లకు దాని చోటు ఏమిటో తెలుసు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జున తపస్సు రోజు వేషగాడు ఒక్కో పద్యం పాడుతూ ఒక్కో మెట్టుగా ఆ పొడవాటి తపస్సు మాను ఎక్కుతుంటే కింద జనం చేతులు జోడించి నిలబడతారు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే కుప్పం పక్కన ఆ జనంలో మూడు భాషల వాళ్లూ ఉంటారు.

హార్మోనిస్టు పని అక్కడ చూడాలి. ఎడమ చెయ్యి తిత్తి ఊదుతుంటుంది కాబట్టి పాట మోయాల్సింది ఒక్క కుడి చెయ్యే. వేషగాడు పద్యం ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో ఆ క్షణానికి గానీ తెలియదు, అందుకోవాల్సిందే. పద్యం చివర రాగం తీస్తే ఎంతసేపు తీస్తాడో వాడికే తెలియదు. ఆ ఊపిరి ఆగిన చోట ఖాళీ పడకుండా పెట్టె అందుకుని, మళ్లీ గొంతు లేవగానే తగ్గాలి. మోహన, కల్యాణి అయితే మెట్లు కొంత సహకరిస్తాయి. గమకం దట్టంగా ఉన్న చోట హార్మోనిస్టు పక్క మెట్టును వేలి కొనతో తాకీ తాకనట్టు తాకి, తిత్తి ఒత్తిడి పెంచి తగ్గించి, చెవికి స్వరం వంగినట్టే చేస్తాడు. వంగని వాయిద్యంతో వంపు భ్రమ కల్పించడం అంత తేలిక కాదు, ఏళ్లు పడుతుంది.

ఇదే కష్టం ఎమర్సన్, వేక్‌మన్‌లకూ ఎదురైంది. గిటారు వాయించేవాడు తీగ లాగి స్వరాన్ని ఏడిపించగలడు. ఆర్గన్ ముందు కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటారు వాళ్ల మార్షల్ యాంప్లిఫయరులోకి కలిపి స్వరాన్ని గరుకుగా, కాలినట్టుగా పలికించాడు. డీప్ పర్పుల్ పాటల్లో ఆర్గన్ గిటారుతో సమానంగా గర్జించడానికి కారణం అదే. ఎమర్సన్ హామండ్ మెట్ల మధ్య కత్తులు గుచ్చేవాడు. చూసినవాళ్లకు అది వీరంగం. అలా గుచ్చితే ఆ స్వరం ఆగకుండా మోగుతుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మన లెక్కలో అది శ్రుతి పెట్టడమే. మూగ్ సింథసైజరుకు తగిలించిన పట్టీ మీద వేలు జార్చి స్వరాన్ని కిందికీ పైకీ లాగడమూ అతనికి ఇష్టం.

1970లో వచ్చిన మినీమూగ్ ఎడమవైపున స్వరాన్ని వంచే చక్రం పెట్టడంతో కథ మారింది. వేక్‌మన్ దాన్ని వేగానికి వాడుకున్నాడు. మహావిష్ణు ఆర్కెస్ట్రాలో జాన్ మెక్లాఫ్లిన్ గిటారు పక్కన వాయించిన యాన్ హ్యామర్ మాత్రం ఆ చక్రంతో గిటారు తీగలాగే, గొంతులాగే పలికించాడు. స్వరం వంచడమే కొలత అయితే వీళ్లందరిలో నా మొదటి చెయ్యి హ్యామర్ వైపే లేస్తుంది. టోనీ బ్యాంక్స్ 1973లో ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ పాటకు కట్టిన పియానో ఎత్తుగడ ఎంతో అందమైనదే, కానీ ముందే చెక్కిపెట్టిన శిల్పం అది.

తోడు నిలవడం కొలత అయితే పింక్ ఫ్లాయిడ్ రిచర్డ్ రైట్ పేరు చెప్పాలి. తగువులో అతని పేరు ఆలస్యంగా వస్తుంది, అది అన్యాయం. 1973 నాటి ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో క్లేర్ టోరీ మాటల్లేకుండా గొంతెత్తి రాగం తీస్తుంది. కింద రైట్ పియానో, ఆర్గన్ ఆ గొంతుకు నేలలా పరుచుకుని ఉంటాయి, ఎక్కడా అడ్డురావు. వేక్‌మన్ మీద నాకున్న గౌరవం కూడా బంగారు అంచుల అంగీ వేసుకుని వాయించిన కచేరీల వల్ల కాదు. డేవిడ్ బోవీ ‘లైఫ్ ఆన్ మార్స్’కు, క్యాట్ స్టీవెన్స్ ‘మార్నింగ్ హ్యాజ్ బ్రోకెన్’కు వెనక కూర్చుని వాయించిన పియానో వల్ల.

మన సినిమాలోనూ ఇలా వెనక కూర్చుని వాయించడం నుంచే కొందరు ఎదిగారు. ఏ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు కోడంబాకంలో ఇళయరాజా, రమేశ్ నాయుడు, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. మణిశర్మదీ కీబోర్డు నుంచి వచ్చిన దారే. సినిమా బయట, చెన్నైలో కీబోర్డు సత్యనారాయణన్ ఆ వాయిద్యం మీద కర్ణాటక కచేరీలే చేస్తున్నారు.

ఇప్పుడు భారతం పందిళ్లలోకీ ఎలక్ట్రానిక్ కీబోర్డు వస్తోంది. శ్రుతి మార్చడానికి ఒక మీట, స్వరం వంచడానికి చక్రం ఉన్నాయి. కానీ వేషగాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో పట్టుకునే చెవి ముసలి హార్మోనిస్టుల దగ్గరే ఉంది. ఎమర్సన్ వాయించిన కచేరీల గురించి పుస్తకాలున్నాయి. పుంగనూరు, పలమనేరు, కుప్పం పల్లెల్లో నలభై ఏళ్లు రాత్రిళ్లు మేలుకుని వాయించినవాళ్ల పేరు కరపత్రంలో చివరి వరుసలో ఉంటుంది, ఉత్సవం అయ్యాక ఆ కరపత్రమూ మిగలదు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఈ వాయిద్యగాళ్లు పద్యానికి తోడు వాయిస్తుండగా, వేళ్లూ తిత్తీ కనిపించేలా రికార్డు చేయడం ఆ విశ్వవిద్యాలయానికి పెద్ద ఖర్చు కాదు. వచ్చే భారతం ఉత్సవాలకే అది మొదలుపెట్టాలి.