శ్రీశైలము ప్రాజెక్టు: లెక్కకెక్కని వ్యయము

నదులకు కట్టలు గట్టుట ఆంధ్రదేశమునకు క్రొత్త గాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి నీటిని కొలది అడుగుల యెత్తున నిలిపి కాలువల కెక్కించినది. విద్యుచ్ఛక్తికై గట్టు కట్ట తీరు వేఱు. నీరెంత యెత్తునుండి పడిన నంత శక్తి పుట్టును. కట్ట యెత్తు పెరిగినకొలది నీరు వెనుకకు ప్రాకును. కృష్ణాతీర గ్రామములు మునుగుటకు ఈ సూత్రమే మూలము.

శ్రీశైలము ప్రాజెక్టుకు 1963 జూలైలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. మొదట తలపెట్టినది విద్యుత్తు కొఱకే. సాగునీటి యుద్దేశము పిమ్మట జేరినది. నల్లమల కొండల నడుమ లోయ ఇఱుకగుటచే 512 మీటర్ల కట్ట చాలినది. ఇంజనీర్లకు ఇంతకంటె అనుకూలమగు తావు దొరకుట యరుదు. కాని ఆ లోయకు ఎగువను, తుంగభద్ర కృష్ణలో గలియు ప్రాంతమున, ఏటి యొడ్డు పొలములును పల్లెలును విస్తరించి యుండెను. నీటిని 885 అడుగుల మట్టమున నిలుపుటకై కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూఱింటికి పైబడిన గ్రామములు, లక్షకు తక్కువగాని జనము కదలవలసివచ్చెను. 1981లో ఊళ్లను ఖాళీ చేయించునప్పుడు అధికారులే ఇండ్లు పడగొట్టించిరి.

పరిహార మీయలేదా యన్నచో, ఇచ్చిరి. ఆ లెక్క యెట్టిదో చూడవలెను. 1894 నాటి భూసేకరణ చట్టము ప్రకారము ప్రకటన వెలువడిన నాటి మార్కెటు ధరయే ఆధారము. దానిపై నూటికి 15 వంతులు అదనము. ధర తేల్చుటకు రిజిస్టరైన క్రయపత్రములను జూచుట వాడుక. స్టాంపు ఖర్చు తగ్గునని పత్రములలో తక్కువ సొమ్ము వ్రాయించుట పల్లెటూళ్లలో ఎల్లరెఱిగిన సంగతియే. ఆ తక్కువ ధరయే తుదకు రైతు మెడకు జుట్టుకొనెను. అంతకంటె కఠినమైనది మఱియొక నిబంధన. సొమ్ము పుచ్చుకొనునప్పుడు ‘అభ్యంతరముతో’ అని వ్రాయించినవానికే కోర్టున కెక్కువ కోరు హక్కు. చదువురాక వ్రేలిముద్ర వేసినవాడు ఆ హక్కును సైతము అచ్చటనే వదలుకొన్నట్లు! ఈ లోపమును కొంత సవరించుట 1984లో గాని జరుగలేదు. అప్పటికి ఊళ్లు నీట మునిగి మూడేండ్లు.

పట్టా గలవాని గతి ఇది. పట్టా లేని కూలికి, నోటిమాటపై కౌలు చేయువానికి, ఊరిని నమ్ముకొన్న కుమ్మరికి, చాకలికి ఆ పుస్తకములో పుటయే లేదు. ఊరుమ్మడి బీడు, ఏటి చేపలు, చెట్టునీడ యెవరి పేరను వ్రాయబడినవి గావు గనుక వాని కెవరికిని వెల ముట్టలేదు.

రాళ్లకు మాత్రము కొంత మేలు జరిగినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి, రాయి వెంట రాయిగా అలంపురమునకు జేర్చి తిరిగి నిలిపిరి. అలంపురపు నవబ్రహ్మాలయములకు అడ్డుగా కట్ట గట్టిరి. మెచ్చదగిన పనియే. అట్టి శ్రద్ధతో ఒక పల్లెనైనను, దాని వీథులు, వృత్తులు, ఇరుగుపొరుగు చెదరకుండ మఱియొక తావున నిలిపినచో బాగుండెడిది.

ప్రతిఫలమును దాచనక్కఱలేదు. కుడిగట్టు కేంద్రమున 770, ఎడమగట్టు భూగర్భ కేంద్రమున 900 మెగావాట్ల యంత్రములు కలవు. వాని వెలుగు ఎన్నో ఊళ్ల కందినది. కాని జలాశయమునకు సైతము ఆయువు కలదు. మొదట 308 టి.ఎం.సి.లు పట్టునన్న గర్భము ఒండ్రు చేరి సుమారు 215కు దిగినది. ఈ తఱుగుదల రాబోవు తరములవారి ఖాతాకు వ్రాసిన యప్పు. 2009 అక్టోబరులో 19 లక్షల క్యూసెక్కులకు నిర్మించిన కట్టమీదికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడెను. ఆ వరదలో కర్నూలు పట్టణము మునిగెను.

నిర్వాసిత కుటుంబమున కొక ఉద్యోగమను 98వ నంబరు జి.ఓ. 1986లో వెలువడినది. దాని యమలునకై ఏండ్ల తరబడి ధర్నాలు జరిగినవి. భూమిలేని కూలిని, కౌలుదారుని బాధితులుగా గుర్తించిన చట్టము 2013లో గాని రాలేదు.

వేసవిలో నీరు తగ్గినప్పుడు, వేపమొద్దు లింగముగా గల సంగమేశ్వరాలయము కొన్ని నెలలు బయటపడును. భక్తులు పడవలపై పోయి పూజలు చేయుదురు. ఆ నెలలలోనే, తేలిన ముంపు నేలలలో తాత్కాలికముగా పైరు వేసికొను రైతులును గలరు. ఆ నేల ఇప్పుడు ప్రభుత్వముది.