రాయలసీమ తోటల్లో కొమ్మ కత్తిరింపు

పండ్ల చెట్లలో ఎండిపోయిన కొమ్మలను, తెగులు సోకినవాటిని, ఒకదానికొకటి రాసుకునేవాటిని తీసేసి చెట్టును ఆరోగ్యంగా, కుదురుగా పెంచే తోటపనిని కొమ్మ కత్తిరింపు అంటారు. కర్నూలు, కడప సీమలో ఈ పని చరిత్ర ముఖ్యంగా మామిడి, చీనీ తోటలది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఇక్కడ ఏ కొమ్మ తీయాలన్నది ఎంత ముఖ్యమో, ఏ నీడను మిగల్చాలన్నదీ అంతే ముఖ్యం.

చెట్టుకు శస్త్రచికిత్స అన్న ఆలోచన చాలా పాతది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. రోగం పట్టిన భాగాన్ని ముందు కత్తితో శుభ్రం చేసి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయమన్నాడు. అదే విద్యపై సురపాలుడు రాసిన వృక్షాయుర్వేదం అనే గ్రంథాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసింది.

పల్లెల్లో కొమ్మ నరకడానికి కారణం వేరు. వేసవిలో మేకలకు, గొర్రెలకు మండలు కొట్టి వేయడం సీమ కాపరులకు అలవాటు. కరువు ఏళ్లలో మందను నిలబెట్టేది ఆ ఆకే. కాకపోతే కొడవలితో అందినచోట కొట్టిన కొమ్మకు మొండెం మిగులుతుంది, అది ఎండి, కుళ్లు మానులోకి దిగుతుంది.

ఆపిల్, పియర్ వంటి చలిదేశపు చెట్లు శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి, కత్తిరింపు అప్పుడే చేస్తారు. మామిడికీ చీనీకీ అలాంటి నిద్ర లేదు. కాబట్టి ఆ దేశాల పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనికిరావు. దక్షిణాది పండ్లను ఈ నేల మీదే పరిశీలించే పని మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 1930లలో కడప జిల్లా కోడూరులో మొదలైంది. మద్రాసుకు వెళ్లే రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు తోటలకు పేరుపొందింది. అక్కడి పండ్ల పరిశోధన కేంద్రంలో పనిచేసిన కె.సి. నాయక్ దక్షిణ భారత పండ్ల సాగుపై రాసిన పెద్ద గ్రంథం 1949లో వెలువడింది. స్వర్ణజహంగీర్, నీలుద్దీన్ వంటి సంకర మామిడి రకాలూ కోడూరువే. కోడూరు దగ్గరి అనంతరాజుపేటలో ఉన్న ఆ కేంద్రం ఇప్పుడు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

చీనీ చెట్టుకు కత్తిరింపు తక్కువే, కానీ అది తప్పనిసరి. అంటు కట్టినచోటికి కిందనుంచి లేచే చిగురు చీనీది కాదు, వేరుమూలంగా వాడిన రంగపూర్ నిమ్మదో జంబేరీదో. వదిలేస్తే పైచెట్టును అణిచేస్తుంది. లోపలినుంచి నిటారుగా దూసుకొచ్చే నీరు కొమ్మలనూ లేతగా ఉన్నప్పుడే తీసేస్తారు. పక్కల కిందికి వాలిన కొమ్మలను మాత్రం నేలకు తగలనంత వరకే ఎత్తి కత్తిరించాలి. మానుకూ పాదుకూ నీడపట్టేది అవే. చూపుకు శుభ్రంగా ఉంటుందని వాటిని పూర్తిగా కొట్టేసిన తోటలో బెరడు ఎండకు మాడి పగులుతుంది. ఆ పగుళ్లలోకి శిలీంధ్రాలు చేరతాయి. మానుకు సున్నం పూయడం అందుకే.

గాయానికి ఏం పూయాలన్నదీ మారుతూ వచ్చింది. 1880లలో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో పుట్టిన మైలుతుత్తం, సున్నం మిశ్రమం బోర్డో పేస్టుగా మన తోటలకూ చేరింది. 1970లలో అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల మానులను కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదని, కుళ్లు పాకకుండా చుట్టూ గోడ కట్టుకుంటుందని తేల్చాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడతను కోయకుండా, మొండెమూ మిగలకుండా కోసినప్పుడే ఆ గోడ కుదురుతుంది. తెగుళ్లు రాకుండా బోర్డో పేస్టు ఇక్కడ ఇప్పటికీ వాడదగినదే. చెడ్డ కోతను మాత్రం అది సరిచేయలేదు.

బనగానపల్లె పేరు మోసే బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ మామిడికి కాయ కోత ముగిసిన వెంటనే, జూన్, జులైలలో కత్తిరింపు చేయాలి. వానలకు వచ్చిన చిగురు ముదిరితేనే డిసెంబరు, జనవరిలో పూత. ఆలస్యం చేస్తే పూత రావాల్సిన చోట లేత ఆకు వస్తుంది.

2005-06లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్ ముసలి తోటల పునరుద్ధరణకు సాయం అందించింది. పెద్ద కొమ్మలను నాలుగు మీటర్ల ఎత్తులో కోసి కొత్త గుబురు పెంచే పద్ధతి అది. కాపుకు రెండు మూడేళ్లు ఆగాలి. మోడైన మానులోకి కాండం తొలిచే పురుగు దిగకుండా కాపలా కాయాలి. సీమ ఎండకు ఒక్కసారిగా మోడు చేయడం కంటే ఏడాదికి ఒకటి రెండు కొమ్మలే కోస్తూ పోవడం మేలు.

పాత పద్ధతిలో పది మీటర్ల దూరంతో ఎకరాకు 40 మామిడి చెట్లు. ఇప్పుడు ఐదు మీటర్లకొకటి చొప్పున 160 నాటుతున్నారు. ఈ తోటల్లో కత్తిరింపు ఏటా చేయాల్సిందే. రెండేళ్లు మానేస్తే కొమ్మలు అల్లుకుపోయి, లోపల వెలుతురు లేక కాయ చివర్లకే పరిమితమవుతుంది.